కొత్త డైవర్లకి ఎమర్జెన్సీ అసెంట్ నేర్పడం: వైజాగ్‌లో ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

రుషికొండ, భీమిలి వైపు స్కూబా నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు, వాళ్ళకి నేర్పే డైవ్‌మాస్టర్లు, కొత్త ఇన్‌స్ట్రక్టర్లు కూడా పెరిగారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ఎమర్జెన్సీ అసెంట్ (నీళ్ళ కింద గాలి అయిపోతే పైకి రావడం) అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక్క ఊపిరితో "ఆ..." అంటూ పైకి ఈదుకొచ్చే సెసా (CESA, కంట్రోల్డ్ ఎమర్జెన్సీ స్విమ్మింగ్ అసెంట్) ఒక్కటే, స్టూడెంట్లకి కూడా దాన్నే పెద్ద పరీక్షలాగా చెప్పి భయపెడతారు. నా లెక్కలో అది అన్నిటికంటే చివర వచ్చే స్కిల్. నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి బిగపట్టకపోవడం, గాలి ఇంకా ఉండగానే పక్కవాడి దగ్గరికి చేరిపోవడం, ఈ రెండూ ఒంటికి పట్టేస్తే మిగతాదంతా సులువు, ఇవి పట్టకుండా సెసా ఎన్నిసార్లు చేయించినా ఉపయోగం లేదు. అందుకే ఈ గైడ్ కూడా ఆ వరసలోనే వెళ్తుంది.

ఇది చదివి ఎవరూ సొంతంగా సముద్రంలోకి దిగి ప్రయత్నించకండి. సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్ చేతిలో, మీ ఏజెన్సీ పెట్టిన రూల్స్ లోపలే చెయ్యాల్సిన పని ఇది. అన్ని ఏజెన్సీలూ ఒకేలా చేయించవు, నేను ఎక్కువగా ప్యాడీ (PADI) ఏజెన్సీ వాళ్ళ ఓపెన్ వాటర్ కోర్సు పద్ధతిని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నా.

మొదటి మెట్టు: ఊపిరి బిగపడితే ఏమవుతుందో కళ్ళతో చూపించండి

నీళ్ళపైన ప్రెజర్ 1 బార్, 10 మీటర్ల కింద 2 బార్లు, 20 మీటర్ల కింద 3 బార్లు. ఈ లెక్క అందరూ బోర్డు మీద రాస్తారు, స్టూడెంట్ తలూపుతాడు, సాయంత్రానికి మర్చిపోతాడు. దాని అర్థం ఏంటంటే 10 మీటర్ల లోతులో రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది) నుంచి నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు మాత్రం రెండింతలవ్వవు. ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి, 20 నుంచి 10కి వచ్చేటప్పుడు గాలి ఒకటిన్నర రెట్లే అవుతుంది, 10 నుంచి పైకి వచ్చేటప్పుడు రెండు రెట్లవుతుంది, అంటే ప్రమాదం లోతులో కంటే ఆఖరి పది మీటర్లలోనే ఎక్కువ. "పైకొచ్చేశాం కదా ఇంకేముంది" అనుకుని ఊపిరి బిగపట్టి గబగబా తన్నేది కూడా సరిగ్గా అక్కడే. ఒకటిన్నర మీటర్ల లోతు నుంచి నిండు ఊపిరి బిగపట్టి లేచినా ఊపిరితిత్తి చిరిగే అవకాశం ఉంది, కాబట్టి పూల్‌లో కూడా ఈ రూల్‌కి సెలవు లేదు.

దీన్ని చూపించడానికి పూల్‌లో చిన్న ప్రయోగం చెయ్యండి. కిరాణా కొట్లో దొరికే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒకటి తీసుకుని లోతు వైపు అడుక్కి వెళ్ళి, ఆక్టోపస్ (పక్కవాడికి ఇవ్వడానికి ఉంచే రెండో రెగ్యులేటర్) మీద గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కి దాన్ని దాదాపు నిండా నింపి, జిప్ వేసి స్టూడెంట్ చేతికివ్వండి. పట్టుకుని మెల్లగా పైకి రమ్మనండి. మూడు మీటర్ల పూల్‌లో కూడా ఆ కవరు వేళ్ళ మధ్యన బిర్రుగా ఉబ్బిపోతుంది, ఒక్కోసారి జిప్ దానంతటదే ఊడి గాలి బుస్సుమని బయటికొస్తుంది. ఇప్పుడు అదే కవరు జిప్ తీసి, మూతి కిందికి పెట్టి పైకి తెమ్మనండి, ఎక్కువైన గాలి బుడగలు బుడగలుగా పోతూ ఉంటుంది, కవరుకి ఏమీ అవ్వదు. ఇది చేతిలో పట్టుకుని చూసిన స్టూడెంట్‌కి మళ్ళీ ఆ లెక్క చెప్పక్కర్లేదు.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన విషయం ఒకటుంది. పెదజాలారిపేట, మంగమారిపేట లాంటి మత్స్యకార పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్ళు పుట్టినప్పటినుంచీ సముద్రంలోనే ఉన్నవాళ్ళు, ఈత చూస్తే ముచ్చటేస్తుంది, భయం అసలుండదు. కానీ ఊపిరి బిగపట్టి మునగడం వాళ్ళకి అలవాటైపోయి ఉంటుంది. పైన పీల్చిన గాలితో మునిగితే అది కింద నలిగి, పైకొచ్చేసరికి మళ్ళీ మొదటి సైజుకే వస్తుంది కాబట్టి వాళ్ళకి ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ట్యాంకు గాలి కింద పీల్చింది, కాబట్టి పైకొచ్చేకొద్దీ పెరుగుతుంది. ఈ తేడా వాళ్ళకి ప్రత్యేకంగా, ఓపిగ్గా, వాళ్ళ ఈతని చిన్నబుచ్చకుండా చెప్పండి. "తమ్ముడూ, నీ అలవాటు తప్పు కాదు, కానీ ట్యాంకు కట్టుకున్నాక అది పక్కన పెట్టాలి" అంటే వింటారు. హైదరాబాద్ నుంచి వీకెండ్‌కి వచ్చే ఐటీ వాళ్ళ కంటే నేను నీళ్ళలో ఎక్కువసేపు కళ్ళు పెట్టి చూసేది వీళ్ళనే, బుడగలు ఆగాయంటే చాలు భుజం తడతాను.

రెండో మెట్టు: ఎవరిని ఆపాలి

మెడికల్ ఫారం సంతకం కోసం పెట్టింది కాదు, ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి అడగండి. ఆస్తమా, ఇంతకుముందు ఊపిరితిత్తి కుప్పకూలడం, ఛాతీ ఆపరేషన్, గుండె జబ్బు ఉంటే డాక్టర్ రాసిచ్చేదాకా నీళ్ళలోకి వద్దు. జలుబు, దగ్గు, కఫం ఉన్నా ఆ రోజుకి ఆపేయండి, కఫం ఊపిరితిత్తిలో ఒక మూలని మూసేస్తే అందులో గాలి ఇరుక్కుపోయి, మనిషి సరిగ్గా ఊపిరి వదులుతున్నా ప్రమాదమే. డబ్బు కట్టేశాం, మళ్ళీ రాలేం అని బతిమాలతారు. అయినా వద్దు.

మూడో మెట్టు: గాలి అయిపోయేదాకా రాకుండా

11 లీటర్ల ట్యాంకులో 50 బార్లు మిగిలితే సుమారు 550 లీటర్ల గాలి ఉన్నట్టు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 18 మీటర్లలో 56 లీటర్లు పీలుస్తాడు, అంటే పది నిమిషాలు కూడా రాదు, కంగారులో పీల్చడం రెట్టింపైతే ఐదు నిమిషాలే. ఈ లెక్క స్టూడెంట్ చేత్తోనే వేయించండి, గేజ్ (ట్యాంకులో మిగిలిన గాలి చూపించే మీటర్) ఎందుకు చూడాలో అర్థమవుతుంది. "గాలి ఎంతుంది" అని మీరు అడగ్గానే గేజ్ చూడకుండా సుమారుగా చెప్పగలగాలి, తర్వాత చూసి సరిచూసుకోవాలి, ఆ స్థితికి తేవాలి.

సైగలు ఒడ్డు మీదే బాగా నేర్పండి. పిడికిలి ఛాతీకి ఆనిస్తే గాలి తక్కువుంది, అరచెయ్యి కిందికి పెట్టి గొంతు మీద అడ్డంగా కోసినట్టు చూపిస్తే గాలి లేదు, బొటనవేలు పైకంటే పైకి పోదాం. మనవాళ్ళు "బాగుంది" అని బొటనవేలు చూపించడానికి అలవాటు పడిపోయారు, నీళ్ళలో అలా చూపిస్తే పక్కవాడు అసెంట్ మొదలెడతాడు, కాబట్టి ఒడ్డు మీద మాట్లాడుకునేటప్పుడు కూడా ఓకే సైగే వాడించండి. బడ్డీ (జతగా డైవ్ చేసేవాడు) ఎంత దూరంలో ఉండాలంటే రెండు తన్నుల్లో చేరేంత. మన తీరంలో నీళ్ళు మసగ్గా ఉన్నరోజు చెయ్యి చాపితే తగిలేంత.

ఏ పరిస్థితిలో ఏది ఎంచుకోవాలో కూడా ఇప్పుడే చెప్పెయ్యాలి. గాలి తక్కువుంది కానీ ఇంకా వస్తోంది అంటే మామూలు అసెంట్. గాలి ఆగిపోయింది, బడ్డీ దగ్గర్లో ఉన్నాడు అంటే అతని ఆక్టోపస్. బడ్డీ దూరంగా ఉన్నాడు, లోతు ఓ తొమ్మిది మీటర్ల లోపే అంటే సెసా. అంతకంటే లోతు, పక్కన ఎవరూ లేరు, ఈదితే చేరతానన్న నమ్మకం లేదు అంటే వెయిట్లు వదిలేసి ఊపిరి వదులుతూ తేలిపోవడం. ఆఖరిదాంట్లో స్పీడ్ మన చేతిలో ఉండదు, దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ, కానీ మునిగిపోవడం కంటే మేలు. దీన్ని నోటితో చెప్పండి, సముద్రంలో ఎప్పుడూ చేయించకండి.

నాలుగో మెట్టు: ఒడ్డు మీద ఊపిరి సాధన

కుర్చీలో కూర్చోబెట్టి, మామూలుగా ఒక ఊపిరి తీసుకుని, తల కొంచెం పైకెత్తి "ఆ..." అని సన్నగా సాగదీయమనండి, మీరు గడియారం చూడండి. మొదటిసారి చాలామంది పది పదిహేను సెకన్లలో ఖాళీ చేసేస్తారు, ఎందుకంటే గట్టిగా ఊదేస్తారు. దీపం ఆరకుండా కదిలేంత సన్నగా వదలమని చెప్తే ముప్పై సెకన్లకి వస్తారు. తొమ్మిది మీటర్లు, నిమిషానికి 18 మీటర్లు దాటని స్పీడు, అంటే కనీసం అరనిమిషం, అందుకే ముప్పై. పైకొచ్చేటప్పుడు లోపలి గాలి పెరుగుతూ ఉంటుంది కాబట్టి నీళ్ళలో నిలువుగా వచ్చేటప్పుడు ఇది ఇంకా సులువు, ఆ ధైర్యం కూడా ఇవ్వండి. ఊపిరితిత్తులు ఖాళీ చేసుకుని బయల్దేరకూడదు, నిండా బిగించుకుని కూడా రాకూడదు.

ఐదో మెట్టు: పూల్

ముందు ఆక్టోపస్. ఇద్దర్నీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మొదలెట్టండి. అడిగేవాడు గాలి లేదని సైగ చేస్తాడు, ఇచ్చేవాడు పసుపు రంగు ఆక్టోపస్ తీసి మౌత్‌పీస్ అవతలివాడి నోటి వైపు ఉండేలా అందిస్తాడు, తీసుకున్నవాడు నోట్లో పెట్టుకుని ముందు ఊది లేదా పర్జ్ నొక్కి నీళ్ళు పోగొట్టి అప్పుడు పీలుస్తాడు. ఆ వెంటనే ఒకరి కుడి ముంజేయి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగనివ్వండి. గాలి దొరగ్గానే పైకి పరిగెత్తాలనిపిస్తుంది, అలా కాకుండా కళ్ళలోకి చూసుకుంటూ మూడు నాలుగు శ్వాసలు తీసుకుని, ఓకే అనుకుని, అప్పుడు బొటనవేలు. కూర్చుని వచ్చాక ఈదుతూ, ఈదుతూ వచ్చాక పైకి వస్తూ. ఎడమ చేతిలో ఎవరి బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఇన్‌ఫ్లేటర్ గొట్టం వాళ్ళది ఎత్తి పట్టుకుని గాలి వదులుతూ రావాలి, లేకపోతే జాకెట్‌లో గాలి పెరిగి ఇద్దర్నీ లాక్కుపోతుంది.

తర్వాత గాలి ఆగిపోవడం ఎలా ఉంటుందో తెలియాలి. ముందే చెప్పి, పూల్‌లో మాత్రమే, మీ చెయ్యి వాల్వ్ మీద నుంచి తీయకుండా స్టూడెంట్ ట్యాంకు మూసెయ్యండి. ఒకటి రెండు శ్వాసలు వస్తాయి, తర్వాతది బరువెక్కుతుంది, గేజ్ సూది కిందికి పడిపోతుంది, సైగ చెయ్యగానే తెరిచెయ్యండి. చెప్పకుండా మూసెయ్యడం మాత్రం వద్దు. అలా చేస్తే స్టూడెంట్ గట్టిపడతాడనుకునేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను, కొత్తవాడు దాంతో నేర్చుకునేది మిమ్మల్ని నమ్మకూడదని మాత్రమే.

ఇప్పుడు సెసా, అడ్డంగా. పూల్ లోతు భాగంలో తొమ్మిది మీటర్లు కొలిచి గుర్తు పెట్టి, అడుగుకి దగ్గరగా, ఒక్క ఊపిరితో "ఆ..." అంటూ అరనిమిషం పట్టేలా ఈదించండి. రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి. మీరు పక్కనే ఈదుతూ బుడగలు చూడండి, బుడగలు ఆగితే ఆపేసి మళ్ళీ. మధ్యలో గాలి కావాలనిపిస్తే రెగ్యులేటర్ నుంచి పీల్చుకోమనండి, ఇది ఫెయిలైనట్టు కాదు. నిజంగా గాలి అయిపోయినప్పుడు కూడా అడుగున ఇవ్వని ట్యాంకు పైకొచ్చేకొద్దీ బయటి ప్రెజర్ తగ్గి ఇంకో శ్వాస ఇవ్వొచ్చు, అందుకే నోట్లోంచి తియ్యకూడదు.

మన ఊళ్ళోనే నేవీ సబ్‌మెరీన్ స్కూల్ ఐఎన్ఎస్ సాతవాహనలో 2024లో వినేత్ర అనే, సబ్‌మెరీన్‌లోంచి తప్పించుకుని పైకి రావడం నేర్పే ఎస్కేప్ ట్రైనింగ్ సెంటర్ మొదలైంది, పక్కన డైవింగ్ బేసిన్‌తో ఐదు మీటర్ల టవర్ అది. నేవీ వాళ్ళకే టవర్లో సాధన అవసరమైనప్పుడు మన స్టూడెంట్‌కి పూల్‌లో ఇంకో రోజు ఇవ్వడానికి వెనకాడక్కర్లేదు.

ఆరో మెట్టు: రోజు, చోటు

అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. ఆ నెలల్లో సముద్రం ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు, వానలు పడ్డాక గెడ్డల నీళ్ళు కలిసి మసకబారుతుంది. ఈ స్కిల్ కోసం నేను అడిగేవి మూడు: అసెంట్ కోసం దించే తాడు అడుగు నుంచి మీ మనిషి మొహం స్పష్టంగా కనపడాలి, నీటి లాగుడు ఉండకూడదు, అడుగు ఆరు నుంచి తొమ్మిది మీటర్ల మధ్య ఇసకై ఉండాలి. రుషికొండ ఒడ్డున కెరటం విరిగే చోట కాకుండా బోటులో కొంచెం బయటికి వెళ్ళాలి. వేట బోట్లు, జెట్ స్కీలు తిరుగుతాయి కాబట్టి డైవ్ జెండా, పైన చూసుకోడానికి ఒక మనిషి తప్పనిసరి. వల గుర్తుల బెండ్లు కనిపిస్తే అక్కడ దిగకండి.

ఏడో మెట్టు: సముద్రంలో

ఆక్టోపస్ అసెంట్ ముందు చేయించండి, పూల్‌లో చేసిన వరసే, నిమిషానికి తొమ్మిది మీటర్లకి దగ్గరగా మెల్లగా. సెసా తర్వాత, అదీ ఒక్కొక్కరితోనే. మిగతావాళ్ళని అడుగున వదిలేసి రాకూడదు, వాళ్ళు సర్టిఫైడ్ అసిస్టెంట్‌తో ఉండాలి లేదా పైన బోయ్ (నీళ్ళపై తేలే బుర్ర) పట్టుకుని ఉండాలి.

తాడు కింద బరువు, పైన గట్టి బోయ్ ఉండి నిటారుగా బిగువుగా ఉండాలి. స్టూడెంట్‌ని ఎదురుగా పెట్టుకుని మీ ఒక చేత్తో అతని బీసీడీ పట్టుకోండి, రెండో చెయ్యి తాడు మీద, మీ ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు) ఎప్పుడైనా ఆపగలిగేలా. స్టూడెంట్ కుడి చెయ్యి పైకి, ఎడమ చేతిలో ఇన్‌ఫ్లేటర్, చూపు పైకి. ఓకే అడగండి, ఒక ఊపిరి తీసుకుంటాడు, "ఆ..." మొదలవ్వగానే కదలండి, ముందు శబ్దం తర్వాత కదలిక, ఈ వరస తిరగబడకూడదు. మీ చెవి శబ్దం మీద, కళ్ళు బుడగల మీద. శబ్దం ఆగినా, బుడగలు ఆగినా, స్పీడు పెరిగినా తాడు బిగించి అక్కడే ఆపండి, రెగ్యులేటర్ నుంచి శ్వాస తీసుకోనివ్వండి, ఆ ప్రయత్నం అక్కడితో సరి. మిగతా దూరం మామూలుగా ఊపిరి తీసుకుంటూ రండి. ఆఖరి మూడు మీటర్లలో మీ పట్టు ఇంకాస్త బిగించండి, వెలుతురు చూడగానే మనిషి తన్నేస్తాడు.

మీ ఒంటి సంగతి కూడా. నలుగురు స్టూడెంట్లుంటే మీరు నాలుగుసార్లు ఎక్కి దిగుతారు, స్టూడెంట్‌కి ఒక్కసారే. వరసగా ఎక్కి దిగడం ఒంట్లో కరిగే నైట్రోజన్ పరంగా, చెవుల పరంగా మంచిది కాదు. లోతు డైవ్ అయ్యాక చివర్లో దీన్ని పెట్టుకోకండి, ఎక్కువమంది ఉంటే రెండు రోజులకి పంచండి.

ఎనిమిదో మెట్టు: పైకొచ్చాక

చాలామంది ట్రైనింగ్ ఇక్కడే ఆపేస్తారు, అసలు మునిగిపోయే ప్రమాదం ఇక్కడ కూడా ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయినవాడు బీసీడీ బటన్ నొక్కితే ఏమీ రాదు. కాబట్టి పైకి తల రాగానే కాళ్ళతో తన్నుతూ ఇన్‌ఫ్లేటర్ నోట్లో పెట్టుకుని ఊది తేలాలి, ప్రతిసారీ, అలవాటయ్యేదాకా. మన దగ్గర పైన అల ఉంటుంది, మాస్క్ తీసేస్తే మొహం మీద కొడుతుంది, మాస్క్ ఉంచుకునే ఊదమనండి. తేలలేకపోతే వెయిట్ బెల్ట్ బకుల్ లాగి, ఒంటికి దూరంగా పట్టుకుని వదిలెయ్యాలి. బెల్ట్ పోతుందని వెనకాడేవాళ్ళుంటారు, "బెల్ట్ నాది, వదిలెయ్" అని ముందే చెప్పండి.

ప్రతి అసెంట్ తర్వాత కాసేపు మాట్లాడించి గమనించండి. ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, గొంతు మారడం, మెడ దగ్గర చర్మం నొక్కితే చిటపటమనడం, నోటి నుంచి రక్తం కలిసిన నురగ, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, వీటిలో ఏదున్నా గాలి రక్తంలోకో ఛాతీలోకో వెళ్ళిందనే అనుకోండి. ఇవి నిమిషాల్లోనే కనపడతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, నిమిషానికి 15 లీటర్లు ఇవ్వగల కిట్‌తో వంద శాతం ఆక్సిజన్ పెట్టండి, స్పృహ లేకపోతే ఊపిరి దారి చూసుకోండి, ఊపిరి లేకపోతే సీపీఆర్. 108కి ఫోన్ చెయ్యండి, సముద్రంలో సాయం కావాలంటే కోస్ట్ గార్డ్ 1554. ప్రెజర్ ఛాంబర్ (ఇలాంటివాళ్ళకి ప్రెజర్ పెంచి వైద్యం చేసే గది) ఎక్కడ అందుబాటులో ఉందో, ఎవరికి ఫోన్ చెయ్యాలో సీజన్ మొదట్లోనే కనుక్కుని, నంబర్ రాసిన కాగితం లామినేట్ చేయించి ఆక్సిజన్ పెట్టె మూత లోపల అంటించండి. మళ్ళీ నీళ్ళలోకి దింపి సరిచేద్దామని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. "కాసేపు పడుకుంటే తగ్గిపోతుందిలే అన్నా" అని స్టూడెంట్ అన్నా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సిందే, లక్షణాలు తగ్గినట్టుండి మళ్ళీ వస్తాయి.

ఎవరైనా నిజంగానే గాలి అయిపోయి పైకొస్తే, బాగానే ఉన్నా ఆ రోజుకి డైవింగ్ బంద్.

చివరిగా మన ఊరికే వచ్చే చిక్కు ఒకటి. వైజాగ్ వచ్చినవాళ్ళ ప్లాన్‌లో అరకు తప్పకుండా ఉంటుంది, పొద్దున డైవ్, మధ్యాహ్నం కారెక్కి ఘాట్ రోడ్డు. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో గాలికొండ వైపు ఇంకా ఎక్కువ. ఎత్తుకి పోతే ప్రెజర్ తగ్గి, డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు, కాబట్టి విమానానికి ఎంత ఆగాలో అక్కడికీ అంతే ఆగాలి, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు లేదా వరసగా కొన్ని రోజులు చేస్తే 18 గంటలు. బుకింగ్ చేసేటప్పుడే అడిగి, అరకు ముందు చూసుకుని తర్వాత డైవింగ్‌కి రమ్మని చెప్పండి, అప్పటికే టికెట్లు తీసుకుని ఉంటే డైవ్ తేదీని మార్చండి.